గంజి నుండి అరుదైన చక్కెర దాకా



ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదుకు బెల్లం తీపి తోడు. ఈ మాట మనము బ్రతుకవచ్చిన యీ మరాఠీ దేశంలో కూడా కొత్తది కాదు. అదే రోజున గుడీ పాడ్వా చేసుకొనే మన పొరుగువారు వేపాకూ బెల్లమూ కలిపి నోట వేసుకొంటారు. చేదూ తీపీ కలిపి తినవలసిందేనని రెండు జాతుల పెద్దలూ చెప్పినారు. కాని మా యింట్లో మాత్రం నాలుగేళ్లుగా ఒకరి గిన్నెలో బెల్లం పడటం లేదు. అది మా నాయనగారి గిన్నె.

మా నాయనగారికి మధుమేహం. ఆయన మెట్‌పల్లి ప్రాంతం నుండి పదిహేడేళ్ల వయస్సులో భివండీకి వచ్చి, ముప్ఫై యేళ్లకు పైగా నార్పోలి సైజింగులలో పని చేసినారు. పన్నెండు గంటల పాళీ, నిద్ర రాకుండా గంటకొక కటింగ్ చాయ. ఆ చాయలో చక్కెర యెంత పడుతుందో మన సాంచెల దగ్గర పని చేసిన ప్రతివారికీ తెలుసు. నిరుడు ఉగాది నాడు ఆయన చేదు పచ్చడి నోట వేసుకొని, "షుగరు వాండ్లకు గూడ తీపి దొరికే దినం వస్తదారా?" అని అడిగినారు. మేము రైల్వే గుమాస్తాలము, మెట్రిక్ వరకు చదివినవారము. జవాబు చెప్పలేకపోయినాము.

ఆ ప్రశ్నకు ముందు మరొక సంగతి జరిగింది. మూడేళ్ల క్రిందట ఒక దుకాణంలో, చక్కెర జబ్బు వారు తినదగిన బెల్లం అని పేరు పెట్టి అమ్మే పొట్లం చూచి, ధర యెక్కువైనా కొని తెచ్చినాము. నాయనగారు సంతోషంగా రెండు వారాలు చాయలో వేసుకొన్నారు. తరువాత రక్తం పరీక్ష చేయిస్తే అంకె చూచి డాక్టరుగారు మమ్ములను కోప్పడినారు. ఆయన కాలి పుండు మానక చివరకు ఒక వేలు తీసివేయవలసి వచ్చింది. ఆ పుండు అంతకుముందే వుంది గనుక, నేరమంతా పొట్లానిదే అని మేము అనము. కాని తెలియనితనంతో ఆ పొట్లం యింటికి తెచ్చినవారము మేమే. అప్పటి నుండి, అసలు చక్కెర అంటే యేమిటి, యెన్ని రకాలు, దానిని మనుష్యులు యెట్లా చేసినారు అని అడగడం మొదలుపెట్టినాము. బి.ఎస్సీ. చదివే మా మేనకోడలు చేత కొంత చెప్పించుకొని, కొంత మేమే చదువుకొని తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. తప్పులుంటే పెద్దలు మన్నించవలెను.

మన యింటి గంజి

ఈ చరిత్ర పాఠకులకు కొత్తగా వుండదు. ఎందుకంటే ఇది మన గంజితోనే మొదలవుతుంది.

మా తాతగారు చేతిమగ్గం నేసినారు. వీధిలో పడుగు పొడుగునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవారు. గంజి లేని పడుగు మగ్గం మీద నిలువదు. నూలు రేగుతుంది, పోగు తెగుతుంది. సాంచెలు వచ్చిన తరువాత ఆ వీధి పని సైజింగు కార్ఖానాలోకి పోయింది. పెద్ద తొట్టిలో మొక్కజొన్న పిండి వుడుకుతుంది. దారాలు అందులో మునిగి, ఆవిరితో కాగే డ్రమ్ముల మీద ఆరి, భీముకు చుట్టుకొంటాయి. ఆ వేడికి మా నాయనగారి చొక్కా యెప్పుడూ తడిగానే వుండేది.

అయితే నేసిన కోరా బట్టకు రంగు వేయవలెనంటే ఈ గంజి పోవలె. గంజి వున్న చోట రంగు పట్టదు. వెనుకటి రోజుల్లో బట్టను నీళ్లలో నానవేసి రాత్రంతా వుంచేవారు. నీటిలోని కంటికి కనబడని జీవులు ఆ గంజిని తిని కరిగించేవి. ఒక్కొక్కసారి బట్ట కూడా కుళ్లేది. ఫ్రాన్సు దేశంలో బోయిడిన్, ఎఫ్రాన్ అనే యిద్దరు 1917 ప్రాంతంలో ఒక జాతి బాక్టీరియాను పెంచి, అది విడిచే ఎంజైమును బట్టల గంజి తీయడానికి పనికి పెట్టినారు. నేడు ప్రాసెస్ హౌసులలో కోరా బట్టను ఎంజైము నీళ్లలో ముంచి గంజి తీస్తారంటే అది ఆనాటి పనికి కొనసాగింపే.

ఎంజైము అంటే యేమిటి? జీవుల శరీరంలో పని చేసే ఒక విధమైన మాంసకృత్తు. అది తాళపుచెవి వంటిది. ప్రతి ఎంజైముకూ ఒక తాళం వుంటుంది, వేరే తాళానికి అది సరిపడదు. తాళం తీసిన తరువాత చెవి చెడనట్లే, ఎంజైము కూడా పని చేసి మళ్లీ పనికి సిద్ధంగా వుంటుంది. గంజి అనేది గ్లూకోజ్ అనే చక్కెర పూసలు గుచ్చిన పొడుగైన దండ. ఎంజైము ఆ దండను త్రుంచుతుంది. అప్పుడు గంజి తీపి అవుతుంది. అన్నం బాగా నమిలితే తియ్యబడటానికి కారణం కూడా ఇదే. మన ఉమ్మిలో ఆ ఎంజైము వుంది.

గంజి తీపి అయిన కథ

ఈ సంగతి మనుష్యులకు మెల్లమెల్లగా తెలిసింది. నెపోలియన్ యుద్ధాల కాలంలో యూరపు ఖండానికి చెరకు చక్కెర సరిగా అందక కరువు వచ్చింది. అప్పుడు 1811లో రష్యా దేశపు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిర్కాఫ్ అనే రసాయనవేత్త గంజిని గంధకామ్లంతో వుడికించి తీపి పానకం తీసినాడు. 1833లో పారిసులో పాయెన్, పెర్సో అనేవారు మొలకెత్తిన బార్లీ గింజల నుండి, ఆమ్లం లేకుండానే గంజిని చక్కెర చేసే పదార్థాన్ని వేరు చేసి, దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టినారు. మనుష్యులు వేరు చేసి చూచిన మొదటి ఎంజైము అదే. 1894లో జపాను దేశస్థుడైన తకామినే అమెరికాలో బూజు నుండి అటువంటి ఎంజైమును తీసి, జీర్ణశక్తికి మందుగా అమ్మడానికి పేటెంటు పొందినాడు.

అయితే ఎంజైము పని చేయాలంటే జీవి బ్రతికి వుండవలెనా? చాలామంది పండితులు వుండవలెననే అనుకొన్నారు. 1897లో జర్మనీలో బుక్నర్ అనే ఆయన ఈస్టు కణాలను ఇసుకతో నూరి, పిండి, కణం లేని రసం తీసినాడు. ఆ రసం కూడా చక్కెరను సారాయిగా మార్చింది. ప్రాణం పోయినా పనిముట్టు పని చేస్తుందని తేలింది. దీనికి ఆయనకు 1907లో నోబెల్ బహుమానం వచ్చింది. జీవిని వదలి దాని పనిముట్టును మాత్రం తీసుకొనవచ్చునన్న ఈ తెలివి లేనిదే, తరువాతి కథ ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు.

1957లో అమెరికాలో మార్షల్, కూయి అనేవారు గ్లూకోజును ఫ్రక్టోజుగా మార్చగల బాక్టీరియా ఎంజైమును కనుగొన్నారు. ఫ్రక్టోజ్ అంటే తేనెలోనూ పండ్లలోనూ వుండే తీపి. గ్లూకోజ్ కంటె చాలా తియ్యనిది. జపానులో తకసాకి మొదలైనవారు ఆ పనిని కార్ఖానాకు పనికివచ్చేటట్లు చేసినారు. 1967 నుండి అమెరికాలో మొక్కజొన్న గంజి నుండి తియ్యని పానకం వ్యాపారానికి వచ్చింది. 1984లో ఆ దేశంలోని పెద్ద కోలా కంపెనీలు చెరకు చక్కెర మాని ఆ పానకానికే మారినవి. అంటే మా నాయనగారు పడుగుకు పట్టించిన మొక్కజొన్న గంజికి స్వంత అన్నదమ్ము అక్కడ సీసాలలో కూల్‌డ్రింకు తీపి అయింది. ఆ తీపి యెంత లాభం తెచ్చిందో, మితి మీరి త్రాగినవారికి అంత చెరుపూ చేసింది.

చక్కెరల కుటుంబం

మనకు చక్కెర అంటే ఒక్కటే. కాని రసాయన శాస్త్రంలో అదొక పెద్ద కుటుంబం. జర్మనీలో ఎమిల్ ఫిషర్ అనే మహాపండితుడు 1891 నాటికి గ్లూకోజులో అణువులు యే వరుసలో కూర్చొన్నవో తేల్చినాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చినారు. ఆరు కర్బన పరమాణువులు గల చక్కెరలలో గ్లూకోజ్ తెగకు 16 రూపాలు, ఫ్రక్టోజ్ తెగకు 8 రూపాలు వున్నవి. అన్నిటిలోనూ పరమాణువుల లెక్క ఒక్కటే. కాని ఒక చోట చెయ్యి కుడికి వుంటే మరొకదానిలో యెడమకు వుంటుంది. ఒకే నూలు, ఒకే రంగులు, ఒకే మగ్గం అయినా పోగు యెత్తే వరుస మార్చితే అంచు మారినట్లు.

ఈ వరుస మార్పు నాలుకకు పెద్దగా తెలియదు, కాని శరీరానికి తెలుసు. శరీరంలోని ఎంజైములు గ్లూకోజును పట్టుకొని వెంటనే మండిస్తాయి. వరుస మారిన చక్కెరను అవి పట్టుకొనలేవు. తాళం వేరు. అటువంటివి ప్రకృతిలో చాల తక్కువ. అందుకే వాటికి అరుదైన చక్కెరలు అని పేరు. అల్యులోజ్ అనేది అంజూరంలోనూ, ఎండు ద్రాక్షలోనూ, చెరకు మడ్డిలోనూ కొద్దిగా వుంటుంది. దీనికే సైకోజ్ అని మరొక పేరు. ట్యాగటోజ్ అనేది కాచిన పాలలో కొద్దిగా వుంటుంది. చక్కెర తీపిని నూరు అనుకొంటే అల్యులోజ్ తీపి 70, ట్యాగటోజ్ తీపి 92. మామూలు చక్కెర గ్రాముకు 4 క్యాలరీల శక్తి ఇస్తే ట్యాగటోజ్ 1.5, అల్యులోజ్ 0.4 మాత్రమే. అల్యులోజ్ చాలా భాగం రక్తంలో చేరినా, మార్పు లేకుండానే మూత్రంలో వెళ్లిపోతుంది. రక్తంలో గ్లూకోజును పెంచదు.

ఈ లెక్క చదివిన రోజున మాకు నాయనగారి ప్రశ్న మళ్లీ జ్ఞాపకం వచ్చింది. తీపి వుంది. అయితే అంజూరంలో చిటికెడు వున్న తీపిని కిలోల లెక్కన తెచ్చేదెట్లా?

భీమవరం వారి నీలిరంగు

ఇక్కడ మన తెలుగువాని పేరు ఒకటి వస్తుంది. దానిని తలచుకోకుండా ముందుకు పోవడానికి మనస్సు ఒప్పదు.

యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టినారు. పేదరికం, అన్నదమ్ముల మరణం, చదువులో ఆటంకాలు అన్నీ చూచినారు. 1923లో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరినారు. అక్కడ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, శరీర ద్రవాలలో భాస్వరం యెంత వుందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించినారు. ద్రవంలో రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. నీలం యెంత చిక్కనైతే భాస్వరం అంత యెక్కువ. ఇద్దరి పేర్లతో ఆ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడుకకు వచ్చింది. ఆ కొలత వల్లనే వారు 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కూడా వారు వేరు చేసినారు. జీవకణంలో పనికి ఖర్చు పెట్టే నాణెం ఎ.టి.పి.

దీనికీ చక్కెరకూ సంబంధమేమంటారా? కణం చక్కెరను లోపలికి తీసుకొన్న వెంటనే దానికి భాస్వరపు ముద్ర వేస్తుంది. మేము పార్సెలు మీద మార్కా వేసినట్లే. ముద్ర పడిన చక్కెర బయటకు పోదు. లోపల దానిని ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చుతారు. చివర మరొక ఎంజైము ఆ ముద్రను తీసివేస్తే చక్కెర విడుదల అవుతుంది. ముద్ర తీసే ఎంజైము యెంత వేగంగా పని చేస్తున్నదో తెలుసుకొనవలెనంటే, విడిపోయిన భాస్వరాన్ని కొలవవలె. ఆ కొలతకు భీమవరం వారి నీలిరంగు తరతరాల విద్యార్థులకు ఆధారమైంది. సుబ్బారావుగారు తరువాత లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు నాయకత్వం వహించి ఎన్నో మందులకు కారకులై, 1948లో 53 యేళ్లకే గతించినారు. అరుదైన చక్కెరల కోసం ఆయన పని చేయలేదు. కాని పునాదిలో ఆయన రాయి వుంది.

కాంటీను ప్రక్క మట్టి

జపాను దేశంలో షికోకు అనే ద్వీపం మీద కగావా విశ్వవిద్యాలయం వుంది. అక్కడ వ్యవసాయ శాఖలో ఇజుమోరి అనే ఆచార్యుడు యేళ్ల తరబడి అరుదైన చక్కెరల వెంట పడినాడు. అప్పట్లో వాటిని వింత వస్తువులుగా చూచేవారు, పనికివచ్చేవిగా కాదు. 1991లో ఆయన విశ్వవిద్యాలయపు కాంటీను ప్రక్క మట్టిలో ఒక బాక్టీరియాను కనుగొన్నాడు. దాని ఎంజైము, పండ్లలో వుండే మామూలు ఫ్రక్టోజును అల్యులోజుగా మార్చగలదు. ఎక్కడెక్కడో వెదకిన తాళపుచెవి భోజనశాల గుమ్మం దగ్గరే దొరికింది. ఆ తరువాత ఆయన ఆరు కర్బనాల చక్కెరలన్నిటినీ ఒక చక్రంగా అమర్చి, దేని నుండి దేనికి యే ఎంజైము దారి చూపుతుందో పటం గీసినాడు. రైల్వేలో పని చేసేవారము గనుక ఆ పటం చూచినప్పుడు మాకు జంక్షన్ల పటంలా తోచింది. ఏ స్టేషను నుండి యే స్టేషనుకు పోవాలన్నా యెక్కడ బండి మారాలో అందులో వుంది.

అయితే ఒక చిక్కు వుంది. ఈ ఎంజైము తలుపు రెండు వైపులా తెరుచుకొంటుంది. ఫ్రక్టోజ్ అల్యులోజుగా మారుతుంటే, అల్యులోజ్ తిరిగి ఫ్రక్టోజుగా మారుతూ వుంటుంది. నూటికి సుమారు 25, 30 పాళ్లు మారిన తరువాత యెంతసేపు వుంచినా లెక్క ముందుకు పోదు. అప్పుడు రెండింటినీ వేరు చేసి, మిగిలిన ఫ్రక్టోజును మళ్లీ తొట్టికి పంపవలె. ఖర్చు పెరిగేది ఇక్కడనే.

కూర్చిన బాక్టీరియా

మట్టిలోని బాక్టీరియా తనకు కావలసినంత ఎంజైమునే చేసుకొంటుంది, మన కార్ఖానా కోసం చేయదు. మరి ఎక్కువ కావాలంటే? 1973లో అమెరికాలో కోహెన్, బోయర్ అనేవారు ఒక జీవి జీనును తీసి బాక్టీరియాలో పెట్టి పని చేయించినారు. జీను అంటే ఎంజైము చేయడానికి కణంలో వున్న వ్రాత, మన డిజైను కాగితం వంటిది. 1978లో ఆ విధంగానే మనిషి ఇన్సులిన్ జీనును బాక్టీరియాలో పెట్టి ఇన్సులిన్ తీసినారు. 1982లో అది మందుగా ఆమోదం పొందింది. అంతకుముందు ఇన్సులిన్ పశువుల, పందుల క్లోమం నుండి తీయవలసి వచ్చేది. నేడు మా నాయనగారు ప్రొద్దున పొట్టకు పొడుచుకొనే ఇన్సులిన్ యిటువంటి సూక్ష్మజీవుల తొట్టిలో పుట్టినదే. జీను మార్చిన జీవి అంటే భయపడేవారికి మేము ఈ సంగతే చెబుతాము.

మన హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డిగారు 1993లో తల్లిగారి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ స్థాపించినారు. ఆ సంస్థ 1997లో కామెర్లకు కారణమైన హెపటైటిస్-బి జబ్బుకు టీకా తెచ్చింది. ఈస్టు కణంలో జీను పెట్టి తయారు చేసిన టీకా అది. ఈ విద్యతో మన దేశంలోనే తయారై బజారుకు వచ్చిన మొదటి టీకా. అంతవరకు విదేశాల నుండి వచ్చి పేదవారికి అందని టీకా ధర యెంతో దిగింది. విద్య యెక్కడ పుట్టిందన్నది ఒక సంగతి, దానిని చౌకగా మన వాకిటికి తెచ్చినవారెవరన్నది మరొక సంగతి. చరిత్రలో రెండవదానికి కూడా స్థానం వుండవలెను.

చక్కెరల విషయంలోనూ అదే దారి. 2006లో దక్షిణ కొరియా పరిశోధకులు, మొక్కల కాండానికి గడ్డలు పుట్టించే ఒక మట్టి బాక్టీరియా జీనును తీసి, ప్రయోగశాలలో పెరిగే ఈ.కోలై బాక్టీరియాలో పెట్టి, అల్యులోజ్ ఎంజైమును ఎక్కువగా పొందినారు. కార్ఖానాలలో ఇటువంటి ఎంజైములకు, చైనా హోటళ్లలో వాడే అజినమోటోను తయారు చేసే జాతి బాక్టీరియాను కూడా వినియోగించినారు. ఆహారపు పనిలో అది యేళ్ల తరబడి వాడి చూచినది. ఆ ఎంజైమును చిన్న పూసలకు అంటించి గొట్టంలో నింపి, పైనుండి ఫ్రక్టోజ్ పానకం పోస్తే క్రింద అల్యులోజ్ కలిసిన పానకం దిగుతుంది. 2012లో అమెరికా ఆహార శాఖ వారు అల్యులోజ్ వాడకానికి అభ్యంతరం లేదన్నారు. 2019లో దానిని డబ్బా మీద వ్రాసే చక్కెర లెక్కలో కలుపనక్కర లేదని కూడా చెప్పినారు. మన దేశంలో పంజాబులోని మొహాలీలో కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ వారి పరిశోధన సంస్థలో కూడా అల్యులోజ్ ఎంజైముల మీద పని జరిగింది. పండ్ల వ్యర్థాల నుండి సైతం దానిని తీయడానికి ప్రయత్నించినారు.

వెనుకకు నడిపిన దారి

ట్యాగటోజ్ కథ యింకా విచిత్రం. దానిని పాల చక్కెర నుండి వచ్చే గ్యాలక్టోజ్ నుండి చేస్తారు. గ్యాలక్టోజ్ ఖరీదు. గ్లూకోజ్ చౌక. కణాలలో గ్యాలక్టోజును గ్లూకోజ్ వైపు మార్చే దారి ఒకటి వుంది. దానిని అర్జెంటీనా దేశపు లెలోయిర్ తేల్చినాడు. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు 2025లో ప్రకటించిన పరిశోధనలో ఈ దారిని తలక్రిందులు చేసినారు. చౌక గ్లూకోజును ఈ.కోలైకి తినిపించి, లోపల భాస్వరపు ముద్ర వేయించి, దారిని గ్యాలక్టోజ్ వైపుకు వెనుకకు నడిపించినారు. నీరు ఒకసారి పల్లానికి పోతే తిరిగి మెరకకు రాదు గదా, మరి ఇక్కడ యెట్లా వచ్చింది? జిగట బూజు అనే ఒక చిత్రమైన జీవి నుండి, గ్యాలక్టోజ్ మీది ముద్రను మాత్రమే యేరి తీసివేసే ఎంజైమును తెచ్చి పెట్టినారు. ముద్ర పోయిన గ్యాలక్టోజ్ మళ్లీ వెనుకకు మారలేదు. అది కూడుతూ పోతుంది. తరువాత మరొక ఎంజైము దానిని ట్యాగటోజుగా మార్చుతుంది. నూటికి 95 పాళ్ల దాకా దిగుబడి వచ్చిందని వారు చెప్పినారు.

ముద్ర వేయడం, ముద్ర తీయడం అని చదివినప్పుడు మాకు భీమవరం నీలిరంగే కళ్ల ముందు మెదిలింది.

లాభమెవరికి?

ఇంతవరకు చదివినవారు, అయితే మీ నాయనగారి గిన్నెలోకి తీపి వచ్చినట్లేనా అని అడుగవచ్చు. తొందరపడి వచ్చిందని చెప్పలేము. ఒకసారి పొట్లం మీది మాట నమ్మి దెబ్బ తిన్నవారము.

మొదటి మాట. అరుదైన చక్కెర మందు కాదు. అది మామూలు చక్కెరకు బదులుగా వాడే తీపి మాత్రమే. ఇన్సులిన్ మానమని, మాత్రలు మానమని అది చెప్పదు. ఎక్కువ తింటే కడుపు వుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. ఫ్రక్టోజ్ పుట్టుకతోనే పడనివారు ట్యాగటోజ్ ముట్టకూడదు. డాక్టరును అడగకుండా కొనకూడదు. ఇక బెల్లం, తేనె, తాటిబెల్లం అన్నీ రక్తంలో చక్కెరను పెంచేవే. రంగు నల్లగా వుంటే, పేరు మనదైతే అది మంచిదనుకొనడం పొరపాటు. మేము చేసిన పొరపాటు అదే.

రెండవ మాట ధర. గంజి నుండి వచ్చిన ఎంజైము పానకం చివరకు కూల్‌డ్రింకు సీసాలలోకి వచ్చింది. టీకా కూడా అట్లే దిగింది. కాబట్టి దిగుబడి పెరిగితే ఈ తీపి కూడా దిగవచ్చును. కాని ధర దిగడం తనంతట తాను జరగలేదు. మన హైదరాబాదులో ఒకరు పూనుకొన్నప్పుడే టీకా దిగింది.

మూడవ మాట మా మనస్సును బరువు చేసేది. మా నాయనగారి ఊరికి దగ్గర ముత్యంపేటలో చక్కెర కార్ఖానా వుండేది. బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పరివారంలోనిదే అది. ఒకప్పుడు ఆసియా ఖండంలో పెద్దదని పేరు పడిన ఆ సంస్థ 2015 డిసెంబరులో మూతపడింది. ముత్యంపేట కూడా దానితోనే మూతపడింది. చెరకు వేసిన బంధువులు, అందులో పని చేసినవారు పడిన కష్టం మేము చూచినాము. రేపు తీపి అంతా తొట్టిలో బాక్టీరియా చేస్తే చెరకు రైతు యేమి కావలె? మా తాతగారి చేతిమగ్గాన్ని సాంచె మ్రింగింది. ఆ సాంచె వెంటే మా నాయనగారు ఊరు విడిచి నార్పోలికి వచ్చినారు. క్రొత్త యంత్రం వచ్చినప్పుడు లాభం ఒకరికి, వలస మరొకరికి అని మన కులవృత్తి మనకు నేర్పింది.

కాని ఒక్క సంగతి ధైర్యం యిస్తుంది. బాక్టీరియా గాలి తిని చక్కెర చేయదు. దానికి గ్లూకోజో, ఫ్రక్టోజో పోయవలె. ఆ గ్లూకోజ్ మొక్కజొన్న నుండి, కర్రపెండలం నుండి, నూకల నుండి వస్తుంది. చెరకు చక్కెరను విడదీసినా గ్లూకోజూ ఫ్రక్టోజూ రెండూ వస్తాయి. అంటే తొట్టికి కూడా పొలమే అన్నం పెట్టవలె. ఆ తొట్టి యెక్కడ నిలబెడతారు, యెవరి పంట కొంటారు అన్నదే అసలు ప్రశ్న. సముద్రానికి అవతల నిలబెడితే మనకు దిగుమతి రశీదు మిగులుతుంది. మూతపడిన మన కార్ఖానాల ఆవరణలలోనే నిలబెడితే మన పిల్లలకు పని మిగులుతుంది. ఇంటర్లో సైన్సు తీసుకొన్న మన నార్పోలి, పద్మానగర్, కామత్‌ఘర్ పిల్లలు ఈ విద్య వైపు చూడవలెనని మా కోరిక. సాంచె మీద పడిన పోగును కంటితో పట్టే జాతి పిల్లలకు, చక్కెరలో ఒక్క పరమాణువు పక్కకు తిరిగితే పోల్చడం కష్టం కాదు.

ఈ వ్యాసం వ్రాస్తుండగా మా నాయనగారికి ఇందులో కొంత చదివి వినిపించినాము. గంజి నుండే తీపి వస్తుందన్న చోట ఆయన చాలా సేపు నవ్వినారు. "ముప్ఫై యేండ్లు చేతులు కాల్చుకొన్న, అందుల తీపి వుందని ఎవడూ చెప్పకపాయె" అన్నారు. అల్యులోజ్ సంగతి ఆయన డాక్టరుగారిని అడిగినాము. ముందు పుండు పూర్తిగా మాననీయండి, తరువాత చూద్దామన్నారు. కాబట్టి ఈ ఉగాదికి కూడా ఆయన గిన్నెలో బెల్లం లేదు. వేపపువ్వు, చింతపులుపు, మామిడి ముక్క, ఉప్పు, కారం వుంటాయి. ఆరవ రుచి చోటు ఖాళీగా వుంచుతాము.

ఆ చోటు నిండే రోజు తప్పక వస్తుందని నమ్ముతూ, మన సంఘంలోని ప్రతి కుటుంబానికీ, సైజింగులలో సాంచెల మీద రాత్రి పాళీ చేసే ప్రతి సోదరునికీ ఈ సంవత్సరం ఆరోగ్యం కలగవలెనని కోరుతున్నాము. వీలైతే ఈ పండుగకే అందరూ ఒకసారి రక్తం పరీక్ష చేయించుకొనవలెనని, చాయలో ఒక చెంచా తగ్గించవలెనని మా మనవి.